నాలుగో భుజం

ప్లూగ్రెన్, మద్‌లేన్ పేట
అక్టోబరు 12, 1884

తమ్ముడు జోయాకిమ్‌కి,

నీ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చి వేసవి దాటిపోయింది. పని ఎక్కువగా ఉందని అప్పుడు రాశావు. అంత పని ఉన్నవాడికి అక్కకి రెండు ముక్కలు రాసే తీరిక ఉండదని ఒప్పుకుంటాను. దెప్పడానికి కలం పట్టలేదు.

నాన్నకి బాగాలేదు. ఆపిల్ కోతల నుంచి దగ్గు పట్టుకుంది. మొన్న తాళ్ళ బాట మీద నడుముకి జనుము చుట్టుకుని, ఎప్పటిలాగే వెనక్కి నడుస్తూ పేనుతున్నాడు. సగం బాట వెళ్ళి గోడకి చేరబడి కూర్చుండిపోయాడు. నేను పరిగెత్తి వెళ్ళేసరికి కూడా చేతిలో పురి వదల్లేదు. "పురి విడిపోతుందే, ముందు ఆ చక్రం ఆపమను," అన్నాడు. డాక్టరు వచ్చి గుమ్మం దగ్గరే నిలబడి చూసి, చలికాలం గడిస్తే చూద్దామన్నాడు. గడవదని ఆయన ముఖం చూస్తేనే తెలిసిపోయింది.

నాన్న అడిగేది ఒక్కటే. తనను అమ్మ పక్కన పెట్టాలి. అమ్మ పోయినప్పుడు గియోమ్ మావయ్య ఏం చేశాడో నువ్వూ చూశావు. "నా చెల్లెలు మీ వెలివాళ్ళ కాకెన్ కొంపలో పడి ఉన్నంతకాలం ఉంది. ఇక మా ఇంటి పిల్ల మా ఇంటికొస్తుంది," అని కడోరేల వరసలో, దక్షిణం వైపు ఎండ పడే చోట పెట్టించుకున్నాడు. శిలువ మీద కోర్దియే అన్న మన ఇంటిపేరు కూడా చెక్కించలేదు. మనవాళ్ళదేమో గోడ పక్కన ఉత్తరపు మూల, మనకి వేరే గేటు, వేరే మట్టి.

ఇప్పుడు కొత్త చట్టం వచ్చింది. సమాధుల దొడ్డిలో వీళ్ళ నేల, వాళ్ళ నేల అని ఉండకూడదట. నాన్న మేయరు దగ్గరికి తానే నడిచి వెళ్ళి, అమ్మ పక్క జాగా కొనుక్కుని వచ్చాడు. ఫాదరుగారు కూడా కాదనలేదు. అక్కడిదాకా బాగానే ఉంది.

మోసేవాళ్ళు లేరు. మద్‌లేన్ పేట శవపెట్టె కింద ఊరివాడి భుజం పడదు, ఊరివాడి బండి దొరకదు. మనల్ని మనమే మోసుకోవాలి. అది ఎవరూ రాసిన చట్టం కాదు కాబట్టి ఏ చట్టమూ దాన్ని కొట్టెయ్యలేదు. పేటలో ఇప్పుడు మగవాళ్ళెవరు? మా ఆయన మార్క్, ముసలి బాస్తియన్, ఆయన కొడుకు నోయెల్. మిగతావాళ్ళంతా రేవు ఊళ్ళకీ ఫ్యాక్టరీలకీ పోయారు. ఆ కొండ దారిలో ముగ్గురు మోస్తే పెట్టె ఒరిగిపోతుంది. ఆడది భుజం పెడితే చర్చి తలుపు తెరవరు. నాన్న రోజూ వేళ్ళు మడిచి ముగ్గురి పేర్లు చెప్పుకుని, నాలుగో వేలు దగ్గర నీ పేరు చెప్పి నా వైపు చూస్తాడు.

నువ్వు రావాలి.

అక్క
మాతురీన్

* * *

లియోన్, వేజ్ పేట
నవంబరు 9, 1884

అక్కకి,

నాన్న సంగతి చదివి మనసు చెడిపోయింది. ఆయన్ని చలిలో బయటికి పోనివ్వకు. ఛాతీకి ఆవనూనె రాయి. నువ్వు రాసిన మిగతా సంగతికి ఇంకా సమయం ఉందనే అనుకుంటున్నాను. నాన్న గట్టి మనిషి.

ఇక్కడి సంగతి ఒకటి చెబితే నవ్వుతావు. నాన్నకి చదివి వినిపించు, ఆయనా నవ్వుతాడు.

నేను పనిచేసేది సోన్ నది ఒడ్డున ఒక తాళ్ళ కార్ఖానాలో. పడవ మోకులు, లంగరు తాళ్ళు పేనుతాం. మొదటి రోజు మేస్త్రీ "పేరేమిట్రా?" అన్నాడు. మన ఊళ్ళో ఆ మాట అడిగితే తర్వాత ఏం జరుగుతుందో నీకు తెలుసు. నోటికి అమ్మ పుట్టింటి పేరు వచ్చేసింది. "కడోరే," అన్నాను. వాడు రాసుకున్నాడు. పోన్లే, గండం గడిచింది అనుకుని తలెత్తి చూస్తే గుమ్మం పైన బారెడు బోర్డు, బంగారు రంగు అక్షరాలు: "ఆన్తెల్మ్ కోర్దియే, తాళ్ళు, మోకులు."

అక్కా, ఇక్కడ రాయి విసిరితే కోర్దియే మీద పడుతుంది. రొట్టెల కొట్టు కోర్దియే, పళ్ళ డాక్టరు కోర్దియే, నోటరీ కోర్దియే, రెండు చర్చిల్లో ఇద్దరు ఫాదర్లు కోర్దియేలు. జైల్లో ఉన్న గజదొంగ ఒకడు కోర్దియే. వాడి గురించి కూడా కార్ఖానా యజమాని ఆన్తెల్మ్, మేమంతా పెద్దాయన అంటాం, గొప్పగానే చెప్పుకుంటాడు. ఒకరోజు భోజనాల దగ్గర ఏమీ తెలియనట్టు అడిగాను, ఇంతమందికి ఈ పేరెలా వచ్చిందని. పెద్దాయన చెంచా కింద పెట్టి నన్ను వెర్రివాణ్ణి చూసినట్టు చూశాడు.

"ఎలా వచ్చిందేమిట్రా, పడమటి సీమ బ్రెటనోడా? ప్రతి ఊళ్ళో తాళ్ళు పేనేవాడు ఒకడుంటాడు. రాజుగారి పన్ను గుమాస్తా వస్తాడు. 'ఈ ఇల్లెవరిది?' అంటాడు. 'తాళ్ళాయనది,' అంటారు. అదే రాసుకుపోతాడు. అంతే. ఊరికో తాళ్ళాయన, ఊరికో కోర్దియే. వీళ్ళలో సగంమంది నాకు చుట్టాలైనా కారు. మా తాత ముత్తాతలు ఈ పేటలో చర్చి ధర్మకర్తలు, తెలుసా?"

చర్చి ధర్మకర్తలట. మనం గంట గోపురం కింద నిలబడి పూజ వినేవాళ్ళం. నవ్వాలో ఏడవాలో తెలియక సూపు తాగేశాను.

ఆయన కూతురు క్లాదీన్ గురించి ఇంకో ఉత్తరంలో రాస్తాను. ఆ పిల్ల నా వైపు చూస్తుంది, నేనూ చూస్తున్నాను, పెద్దాయన చూడనట్టు ఉంటాడు. మొన్న ఆయనే, "నీ పేరు కూడా కోర్దియే అయ్యుంటే బోర్డు మార్చే పని తప్పేది కదరా," అన్నాడు. నా పేరు కడోరే కాదని ఇప్పుడెలా చెప్పను? అబద్ధమాడానని అంటే ఎందుకాడావంటాడు. ఎందుకో చెప్పాలంటే మద్‌లేన్ పేట మొత్తం చెప్పాలి.

అందుకని కవరు మీద కడోరే అనే రాయి. క్రిస్మస్ పనులు అయ్యాక రావడానికి చూస్తాను.

తమ్ముడు
జోయాకిమ్

* * *

ప్లూగ్రెన్, మద్‌లేన్ పేట
నవంబరు 30, 1884

శ్రీ జోయాకిమ్ కడోరే గారికి,

మీరు కోరినట్టే కవరు మీద రాశాను. లోపల కూడా రాస్తే తృప్తిగా ఉంటుందేమోనని ఇక్కడ కూడా రాశాను.

నాన్నకి నీ ఉత్తరం చదివాను. బంగారు అక్షరాల దాకా చదివి, మేస్త్రీకి నువ్వు చెప్పిన పేరు మింగేశాను. నాన్న నవ్వాడు. "ధర్మకర్తలా?" అని రెండుసార్లు అడిగాడు. తర్వాత, "అక్కడి జనుము పొడుగ్గా ఉంటుందా, పొట్టిగా ఉంటుందా రాశాడా?" అన్నాడు. రాయలేదని చెప్పాను. ఈసారి రాయి.

నీ పెద్దాయన చెప్పింది ఆయన ఊరికి నిజం. అక్కడ పని చూసి పేరు పెట్టారు. ఇక్కడ ముందు మనల్ని వెలేశారు. మన ముత్తాతలకి కుష్ఠు ఉందన్నారు, లేకపోయినా ఉందన్నారు. దున్నొద్దన్నారు, పిండి తాకొద్దన్నారు, వాళ్ళ బావిలో చెయ్యి పెట్టొద్దన్నారు. ఇక ఎలా బతకాలంటే తాళ్ళు పేనుకోమన్నారు. ఆ తర్వాత వచ్చింది పేరు. అవే అక్షరాలని నువ్వు మురిసిపోతున్నావు. మురిసిపో, నాకేం అభ్యంతరం లేదు. కానీ అక్కడ ఆ పేరుకి భయపడి పారిపోయినవాడివి నువ్వొక్కడివే అయ్యుంటావు.

మావయ్య వచ్చాడు. నాన్నని చూడటానికి కాదు. గేటు అవతల నిలబడి మాట్లాడాడు.

"జాగా కొనుక్కున్నాడటగా మీ నాన్న. మంచిదే. జాగా నడిచి ఇంటికి రాదు, ఆయన నడిచి అక్కడికి పోలేడు. మోసేవాళ్ళేరే?"

"మా తమ్ముడొస్తున్నాడు మావయ్యా," అన్నాను.

"వాడా? వాడు వస్తాడా?" అని నవ్వి వెళ్ళిపోయాడు. ఆయన నవ్వు తప్పని నేను అనుకోలేకపోయాను. అదే నాకు కోపం తెప్పించింది.

నాన్న ఇప్పుడు మంచం దిగడం లేదు. అడిగినప్పుడల్లా వస్తున్నాడనే చెబుతున్నాను. నా చేత అబద్ధం ఆడించకు.

మాతురీన్

* * *

లియోన్
డిసెంబరు 28, 1884

అక్కకి,

నన్ను ఎన్ని తిట్టినా పడతాను. చెప్పేశాను.

క్రిస్మస్ విందు అయ్యాక పెద్దాయన, క్లాదీన్, నేను పొయ్యి దగ్గర కూర్చున్నాం. నా పేరు కడోరే కాదని, కోర్దియే అని, ఎందుకు దాచానో మొదటి నుంచి చెప్పాను. మనకి వేరే గేటు, వేరే బల్ల, గంట కింద నిలబడటం, అమ్మని మావయ్య తీసుకుపోవడం, నాన్న కోరిక, మోయడానికి నలుగురు కావలసి రావడం, అన్నీ చెప్పాను. పెద్దాయన మొదట కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు.

"అంటే నా పేరు ఉన్నవాడే నా దగ్గర దాక్కుని నా పేరు దాచుకున్నాడా? ఒరే, ఇది మార్కెట్లో చెబితే ఎవరూ నమ్మరురా."

తర్వాత నవ్వు ఆగిపోయింది. ముఖం ఎర్రబడింది. "కుష్ఠా? కోర్దియే అంటే కుష్ఠా? ఏ మొహం పెట్టుకుని అంటారురా ఆ మాట?" అని లేచి గదంతా తిరిగాడు. నా మీద కోపమనుకున్నాను. కాదు. మన ఊరి మీద. "నేనూ వస్తాను. నీ పక్కన నిలబడి నేనూ మోస్తాను. నన్నెవడాపుతాడో చూస్తాను. వాళ్ళకి రైలు బండి రాలేదా, బడి రాలేదా?"

నేను వద్దన్నాను. అక్కా, నిజంగానే వద్దన్నాను. ఆయన మంచివాడు, కానీ గొంతు పెద్దది, మన ఊరికి ఆ గొంతు పడదు. కానీ క్లాదీన్ నా చెయ్యి పట్టుకుని, "నాన్నని రానివ్వండి, మీరు ఒక్కరే వెళ్ళొద్దు," అంది. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి.

కాబట్టి ఇద్దరం వస్తాం. టెలిగ్రాం ఇవ్వు చాలు. ఇక్కడి జనుము పొడుగ్గానే ఉంటుందని, మనదాని అంత మెత్తగా ఉండదని నాన్నకి చెప్పు. కవరు మీద ఇక ఏ పేరైనా రాయి.

జోయాకిమ్

* * *

టెలిగ్రాం
ప్లూగ్రెన్, జనవరి 13, 1885

నాన్న పోయాడు. శుక్రవారం పూజ. వెంటనే రా.
మాతురీన్

* * *

లియోన్
ఫిబ్రవరి 1, 1885

అక్కకి,

క్షేమంగా చేరాం. వచ్చిన రోజే రాయాల్సింది, చేతులు కదల్లేదు.

నాన్న అమ్మ పక్కన ఉన్నాడు. రోజూ పొద్దున లేవగానే ఆ మాట అనుకుంటున్నాను. కొండ మీద గాలి, జారే మంచు, నా భుజం మీద ఆయన బరువు, ముందు మూల మార్క్ బావ ఊపిరి చప్పుడు, అన్నీ ఇంకా ఉన్నాయి. పెట్టె ఎంత తేలిగ్గా ఉందో. ఆయన అంత తేలికైపోయాడని నువ్వు రాయలేదు.

నువ్వు ఆడవాళ్ళ వైపు ఉన్నావు కాబట్టి కొన్ని చూసి ఉండవు. ఆ పొద్దున పెద్దాయన సత్రంలో వేడిగా ఏదైనా తాగుదామన్నాడు. సత్రం నడిపే ఆమె ఇచ్చింది, మర్యాదగానే ఇచ్చింది. ఆయన తాగి కప్పు బల్ల మీద పెట్టగానే తీసుకుపోయి మా కళ్ళ ముందే పెరట్లో రాయి మీద కొట్టి పగలగొట్టింది. పెద్దాయనకి మొదట అర్థం కాలేదు. చెయ్యి జారిందనుకుని, "పరవాలేదమ్మా, కప్పు డబ్బులు కూడా తీసుకో," అన్నాడు. ఆమె ఆయన వైపు చూసిన చూపు నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. ఆయన జన్మలో చూడనిది.

చర్చిలో గుమ్మం దగ్గర పవిత్ర జలం తీసుకోవడానికి అలవాటుగా తొట్టి వైపు చెయ్యి చాచాడు. బంట్రోతు తొట్టికి అడ్డం నిలబడ్డాడు. ఒక కర్ర చివర గుడ్డ కట్టి, నీళ్ళలో ముంచి, ఆ కర్ర ఆయన ముందుకి చాపాడు. మనకి చాపినట్టే. పెద్దాయన ఆ గుడ్డని ముట్టుకుని శిలువ గీసుకున్నాడు. అంత గొంతున్న మనిషి అక్కడ ఏమీ అనలేదు.

అన్నది సమాధుల గేటు దగ్గర. బాస్తియన్ తాత కాళ్ళు వణుకుతుంటే పెద్దాయన ఆ మూల తాను అందుకున్నాడు. లోపలికి పోతూ, గోడ పొడుగునా నిలబడ్డ ఊరివాళ్ళ వైపు తిరిగి, "నా పేరు కూడా కోర్దియే. నా తాతలు చర్చి ధర్మకర్తలు. మీకు సిగ్గులేకపోతే నాకుంది," అన్నాడు. మావయ్య టోపీ తియ్యకుండా ఆయన గడియారం గొలుసునే చూస్తూ నిలబడ్డాడు. ఆ మాటలు నీకూ వినిపించే ఉంటాయి.

తిరుగు ప్రయాణంలో పెద్దాయన స్టేషన్ వచ్చినప్పుడల్లా దిగి పంపు దగ్గర చేతులు కడుక్కున్నాడు. "ఏంటండీ, మా ఊరి మట్టి వదలడం లేదా?" అని నవ్వించబోయాను. నవ్వలేదు. అలసట అనుకుంటా.

ఈస్టర్ తర్వాత పెళ్ళి. నా జనన పత్రం మేయరు ఆఫీసులో తీసి పంపు, ఈసారి సరైన పేరుతోనే కావాలి. ఇనప శిలువ ఒకటి చేయిస్తున్నాను. అమ్మ పేరూ నాన్న పేరూ రెండూ ఉంటాయి, అమ్మ పేరు వెనక కోర్దియే అని కూడా ఉంటుంది. వచ్చే నెల పంపుతాను.

జోయాకిమ్ కోర్దియే
(ఇక్కడికి వచ్చాక ఇలా సంతకం పెట్టడం ఇదే మొదటిసారి.)

* * *

ప్లూగ్రెన్, మద్‌లేన్ పేట
ఫిబ్రవరి 26, 1885

జోయాకిమ్‌కి,

జనన పత్రం ఇందులో పెట్టాను. జాగ్రత్తగా దాచుకో.

పెళ్ళి సంగతి విని సంతోషించాను. ఆ పిల్లకి అమ్మ దువ్వెన ఇవ్వాలనుకుంటున్నాను, చూద్దాం. పెద్దాయనకి నా దండాలు చెప్పు. ఆయన చేసిన పని మర్చిపోను.

ఇక్కడ చెప్పుకోదగ్గ విశేషం ఏమీ లేదు. మార్క్‌కి జ్వరం వచ్చి తగ్గింది. పని తక్కువగా ఉంది. చక్రం తిప్పడం ఇప్పుడు నేనే చేస్తున్నాను.

శిలువ ఇప్పుడే పంపకు. వానలు పడుతున్నాయి, నేల కుంగుతుంది, ఇనుము వంగిపోతుంది. నేను చెప్పినప్పుడు పంపు. ఈస్టర్‌కి వస్తానని నువ్వు అన్నావని మార్క్ చెప్పాడు. పెళ్ళి పనులు పెట్టుకుని ఇంత దూరం ఎందుకు? దారులు బాగాలేవు. రావద్దు.

అక్క

* * *

లియోన్
ఏప్రిల్ 10, 1885

అక్కకి,

పెళ్ళి లేదు. ఇది రాయడానికి నాకు పది రోజులు పట్టింది.

రాగానే చెప్పి ఉండాల్సిన కొన్ని సంగతులు నీకు చెప్పలేదు. పెద్దాయన ఆ స్టేషన్లలో మొదలుపెట్టిన కడుగుడు ఇంటికొచ్చాక ఆపలేదు. పొద్దున్నే కిటికీ దగ్గర నిలబడి అరచేతులు వెలుగులో పెట్టి తిప్పి తిప్పి చూసుకునేవాడు. చివరికి తన పేరే ఉన్న ఆ పళ్ళ డాక్టరు కోర్దియే దగ్గరికి వెళ్ళాడట. ఆ డాక్టరు నవ్వి, కుష్ఠు అలా పేరు పట్టుకుని రాదని, ఇన్ని వందల ఏళ్ళు రానిది ఇప్పుడు రాదని పుస్తకం తీసి చూపించాడట. పది రోజుల కిందట పెద్దాయనే నన్ను పిలిచి ఇదంతా చెప్పాడు. తలుపు వేసి, చాలా మెల్లగా.

"నాకు తెలుసురా, ఇది పిచ్చి. డాక్టరు చెప్పాడు, ఒప్పుకున్నాను. ఒప్పుకుని ఇంటికొచ్చి మళ్ళీ చేతులు చూసుకున్నాను. నువ్వేం తప్పు చెయ్యలేదు. నీ వాళ్ళూ చెయ్యలేదు. కానీ ఆ కర్ర నా ముందు చాపిన దగ్గర్నుంచి నా చేతులు నావిలా లేవు. నీకూ క్లాదీన్‌కీ పిల్లాడు పుడితే వాడి చేతులు కూడా నేను ఇలాగే చూస్తూ కూర్చుంటాను. నేను ఆ బతుకు బతకలేను. నువ్వు వెళ్ళిపో."

"నేను చేసిన తప్పేమిటండీ?" అన్నాను.

"చెప్పాను కదరా, ఏమీ లేదని," అన్నాడు. ఆయన ఏడ్చాడు. ఆయన మీద నాకు కోపం రాలేదు, అది ఇంకా కష్టంగా ఉంది.

క్లాదీన్ తండ్రితో పోట్లాడిందని వంటమనిషి చెప్పింది. నిజమే అయ్యుంటుంది. కానీ ఆ సాయంత్రం ఆ పిల్ల నాకు సూపు గిన్నె తెచ్చింది. ఎప్పుడూ నా చేతికి అందించేది. అప్పుడు బల్ల మీద పెట్టి, ఒక అడుగు వెనక్కి జరిగి, తర్వాత నా వైపు చూసింది. తాను ఏం చేసిందో ఆమెకి తెలియలేదు. నాకు తెలిసింది. గిన్నె నేనే తీసుకున్నాను.

నిన్న బోర్డు దింపారు. రంగు వేసేవాడు "కోర్దియే" అన్న చోట తెల్ల రంగు పూశాడు. ఇప్పుడు "ఆన్తెల్మ్, తాళ్ళు, మోకులు" అని మాత్రమే ఉంది. ఇక్కడి జనం పెద్దాయనకి వయసు మీద పడి చాదస్తం వచ్చిందనుకుంటున్నారు.

నాకు ఇక్కడ పనేం లేదు. వచ్చేస్తున్నాను. శిలువ నాతో తెస్తాను, బరువైనా సరే. చక్రం నువ్వే తిప్పుతున్నానని రాశావు కదా, ఇక నేను తిప్పుతాను. మిగతావన్నీ పోయినా ఒక్కటి నిలిచిందని అనుకుంటూ వస్తాను. నాన్న అమ్మ పక్కన ఉన్నాడు. మొదట అక్కడికే వెళ్ళి కూర్చుంటాను, ఆ తర్వాతే ఇంటికి.

జోయాకిమ్

* * *

ప్లూగ్రెన్, మద్‌లేన్ పేట
ఏప్రిల్ 18, 1885

తమ్ముడికి,

నువ్వు బయలుదేరే లోపల ఇది నీకు అందాలి. అందకపోతే, స్టేషన్ నుంచి నేరుగా సమాధుల దొడ్డికి పోయి నువ్వే చూస్తావు. అది నేను భరించలేను.

నాన్న అమ్మ పక్కన లేడు.

నీ పెళ్ళి అయ్యేదాకా చెప్పకూడదనుకున్నాను. ఒక్కడివైనా సంతోషంగా ఉంటావనుకున్నాను. అందుకే శిలువ వద్దన్నాను, రావద్దన్నాను. వానల మాట వట్టిది.

మీరు రైలెక్కిన తర్వాతి ఆదివారం. మార్క్‌కి జ్వరమని పూజకి వెళ్ళకుండా ఇంట్లో ఉన్నాను. పూజ వదిలే వేళకి గంట మోగలేదు. చాలాసేపటికి మోగింది, అది చావు గంట. ఎవరు పోయారా అని గేటు దగ్గరికి వచ్చాను. కొండ మీద నుంచి జనం దిగుతున్నారు. పండగ బట్టలు, తెల్ల టోపీలు, పిల్లలు కూడా. ముందు జపమాల చెబుతున్నారు. ఎవరూ అరవలేదు, ఒక్కరు తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు. మధ్యలో పెట్టె వస్తోంది. మట్టి అంటిన పెట్టె. మూత మీద మార్క్ కొట్టిన మేకులు చూసి నాకు అర్థమైంది.

మావయ్య ముందు కుడి మూల ఉన్నాడు. మన గేటు దాకా తెచ్చి, తాళ్ళ బాట మొదట్లో దించారు. మెల్లగా దించారు, మర్యాదగా.

"మీది మీకు తెచ్చిచ్చాం," అన్నాడు మావయ్య. "నలుగురూ మీవాళ్ళే మోసుకొచ్చి ఉంటే, మీ దారిన మీరు పెట్టుకున్నారని ఊరు ఊరుకునేదేమో. ఆ గొలుసు పెద్దమనిషిని తెచ్చి మా గుమ్మంలో మాకు నీతులు చెప్పించారు. చెల్లెల్ని అలా పడుకోబెట్టి నేను నిద్రపోలేను."

"మావయ్యా, మా అమ్మని అడిగావా?" అన్నాను.

ఆయన వాగు వైపు తిరిగాడు. అందరూ వెళ్ళి వాగులో చేతులూ భుజాలూ కడుక్కున్నారు. ఆ చలిలో కోట్లు విప్పి కడుక్కున్నారు. తర్వాత వాళ్ళ వాళ్ళ ఇళ్ళకి భోజనానికి పోయారు.

సాయంత్రం మేమే ఉత్తరపు మూలకి తీసుకుపోయాం. జ్వరంతోనే మార్క్ లేచాడు. బాస్తియన్, నోయెల్ వచ్చారు. నాలుగో మూల నేను పట్టాను. ఆడది పట్టకూడదంటారు. అక్కడ చూసేవాళ్ళెవరూ లేరు, ఫాదరుగారు రాలేదు, రమ్మని మేమూ అడగలేదు. మేయరు మర్నాడు వచ్చి, చట్టం మన వైపే ఉందని, సంతకం పెడితే జెండార్మ్ పోలీసులని పిలిపించి మళ్ళీ అమ్మ పక్కకి మార్పిస్తానన్నాడు. వద్దన్నాను. నాన్నని ఇంకోసారి తవ్వించను. జెండార్మ్‌లు పోయిన మర్నాడు ఏం జరుగుతుందో మేయరుకి తెలియకపోతే నాకు తెలుసు.

నీ పెద్దాయన్ని నేనేమీ అనను. ఆయన మంచి మనసుతోనే వచ్చాడు. ఆ పిల్లని కూడా ఏమీ అనను. నువ్వు మాత్రం రా. ఇంతకుముందు వద్దని రాసిందంతా మర్చిపో. శిలువ తెచ్చుకో, అమ్మ పేరు ఉండనీ, ఉత్తరపు మూలలోనే పాతుదాం.

ఒక్కటి చెప్పి ఆపుతాను, ఎవరితోనూ అనలేదు. మోసే ఒక్క మనిషి కోసం నేను నీకు ఎంత బతిమాలి రాశాను. నువ్వు దేశానికి ఆ చివర నుంచి రావలసి వచ్చింది. ఆ ఆదివారం వాళ్ళు ఎవరికీ రాయలేదు, ఎవరినీ పిలవలేదు. ఒకరు అలిసిపోకముందే ఇంకొకరు వచ్చి మూల అందుకున్నారు. నేను చూస్తూనే ఉన్నాను, పెట్టె ఒక్కసారి కూడా ఒరగలేదు. ఏ భుజం మన నాన్న కిందికి రానందో ఆ భుజాలన్నీ, నాన్నని అమ్మ దగ్గర్నుంచి తీసుకురావడానికి వరస కట్టాయి.

నీ అక్క
మాతురీన్ కోర్దియే